చీటీలో చోటు

6 జనవరి 1938, గురువారం

ఈరోజు నలభై మూడు చీటీలు రాశాను. నలభై రెండోది జులేఖాది.

డాక్టరమ్మ ఇచ్చిన మందు కాగితం మీద పేరు చూసి కలం ఆగింది. జులేఖా బీ, ఇరవై రెండేళ్ళు, బద్వేలు, ఘోషా. ఘోషా అని ఉంటే రోగి రాలేదని, ఇంటి మగవాళ్ళు వచ్చి బాధ చెప్పి మందు పట్టుకుపోతారని. ఆ పేరు గలవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమందో ఉంటారు అనుకున్నాను. అయినా తెర కొంచెం జరిపి చూశాను.

మా కడప ఆసుపత్రిలో మందు కలిపే గదికీ జనం నిలబడే వసారాకూ మధ్య ఒక కిటికీ ఉంది. నాయన అక్కడ నిలబడి కలుపుతాడు, ఇస్తాడు, ఎలా తాగాలో చెబుతాడు. నేను తెర వెనక బల్ల దగ్గర కూర్చుని సీసాలకు అంటించే చీటీలు రాస్తాను. నాయనకు చూపు తగ్గినప్పటి నుంచి, రెండేళ్ళుగా, నాకు ఇదే పని. ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు.

కిటికీ అవతల పొడుగాటి మనిషి, పక్కన గాజుల గంప. జిలాని బాషా. మూడేళ్ళ కిందట కర్నూలులో జులేఖా పెళ్ళినాడు దూరం నుంచి చూసిన పెళ్ళికొడుకే.

"అన్నం తిన్న గంటకు కడుపులో నిప్పు పెట్టినట్టు ఉంటాదంట, కాంపౌండరప్పా. లేచి మోకాళ్ళు పట్టుకొని కూచుంటాది. ఏమయిందంటే ఏంలేదంటాది. ఏంలేకుంటే ఎందుకట్ల కూచుంటాది?"

"డాక్టరమ్మ కడుపులో పుండంటాంది," అన్నాడు నాయన. "కారం, పులుపు తగ్గియ్యాల."

"కారం తగ్గియ్యాలనా? ఆ మాట మా అమ్మతో నువ్వే వచ్చి చెప్పుప్పా. నేను చెప్తే నాకే అన్నం పెట్టదు."

వసారాలో అందరూ నవ్వారు. ఆయన సీసాను ఎర్రగాజుల మధ్య గడ్డిలో పడుకోబెట్టి వెళ్ళాడు.

రాసింది ఎప్పుడూ రాసే నాలుగు వరుసలే.

భోజనమైన గంటకు ఒక గీత మాత్రము.
దినమునకు మూడుసార్లు.
నొప్పి తగ్గకున్నను అధికముగా త్రాగరాదు.
త్రాగునపుడెల్ల సీసాను బాగుగా కుదుపవలెను.

గీత అంటే సీసా పక్కన నాయన అంటించే కాగితపు పట్టీ మీద ఒక గాటు. వారానికి ఇరవై ఒక్క గాట్లు. ఇరవై ఒక్కసార్లు ఆ సీసా ఆమె చేతిలో ఉంటుంది.

13 జనవరి

సీసా కడిగి తెచ్చాడు. బిరడాకు చుట్టిన కాగితం తీసి పారేయబోయాను. లోపలివైపు పెన్సిలు రాత.

"మణీ, నువ్వేనా? నీ అక్షరాలు ఇంకా పడుకునే ఉన్నాయి."

ఆ తర్వాత ఆరు చీటీలు పాడుచేశాను. నాయన, "ఏమ్మా ఏసుమణీ, ఇన్ని కాగితాలు చింపుతాండావే?" అన్నాడు. చలి అన్నాను.

14 జనవరి

ఏడేళ్ళు కర్నూలు కాన్వెంటులో ఒకే బల్ల. నేను బోర్డింగు, ఆమె పరదా కట్టిన జట్కాలో రోజూ వచ్చేది. సిస్టరు ప్రశ్న అడిగితే జవాబు నేను పలక మీద రాసేదాన్ని, జులేఖా లేచి చెప్పేది. మీ ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు వేస్తాను అనేది లెక్కల సిస్టరు.

ఉత్తరం రాయవచ్చు కదా. రాశాను, పెళ్ళయిన కొత్తలో. ఆ ఇంట్లో జులేఖాకు తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు, ఉర్దూనే. పోస్టుమాన్ పుల్లయ్య వసారాలో నిలబడి ఉత్తరమంతా చదివి వినిపించాడట, మామగారికి, మరుదులకు, గాజులు కొనడానికి వచ్చినవాళ్ళకు. "నువ్వు లేక ఈ ఊళ్ళో గాలి కూడా లేదు" అని రాసి ఉన్నాను. కడపలో గాలి ఎందుకు లేదని అందరూ అడిగారట. మళ్ళీ రాయవద్దని ఆమె పుట్టింటి వాళ్ళతో చెప్పి పంపింది.

మళ్ళీ రాయలేదు.

20 జనవరి

నాలుగు వరుసల కింద సన్నగా రాశాను. "నేనే. ఏం చదువుతున్నావు?"

నాయన చూడకుండానే జిగురు రాసి అంటించాడు. నా చీటీలు ఆయన చదవడు. చదవనక్కర లేదని అందరికీ గొప్పగా చెబుతాడు.

27 జనవరి

బిరడా కాగితం: "పుస్తకాలు లేవు. వారానికి ఒక చీటీ, అంతే."

ఈ మాట పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చదివానో. జులేఖాకు చదవడానికి నా చీటీ తప్ప ఏమీ లేదు. సిస్టర్ల అలమారులో పుస్తకాలన్నీ రెండుసార్లు చదివిన జులేఖాకు.

3 ఫిబ్రవరి

మేమిద్దరం పదమూడో ఏట ఒక కథ మొదలుపెట్టాం. తుంగభద్రలో గుండ్రటి పుట్టి పడవ ఎక్కి ఒంటరిగా కొట్టుకుపోయే ఒకామె కథ. రేవు వచ్చినప్పుడల్లా దిగబోతుంది, ఏదో అడ్డం వస్తుంది. జులేఖా పెళ్ళి కుదిరిన వారం ఆమెను నడి ఏట్లో వదిలేశాం.

ఈరోజు మళ్ళీ కదిలించాను. "పుట్టి అలంపురం దాటింది. రేవులో ఒకడు కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. ఆమె వెల అడిగింది."

చీటీ నా అరచేతిలో సగం. ఎంత సన్నగా రాసినా పట్టలేదు. సీసా కుదుపవలెనన్న నాలుగో వరుస తీసేశాను. ఆ మాట నాయన కిటికీ దగ్గర అందరికీ చెబుతాడు. ఈరోజు జనం ఎక్కువ. అయినా చెప్పే ఉంటాడు.

ఆ మందులో తెల్లపొడి నీళ్ళలో కరగదు, అడుగుకు దిగుతుంది. పైన తేట, కింద సుద్ద. చూస్తేనే తెలుస్తుంది. పైగా నాలుగు వారాలుగా చదివిన మాటే. జులేఖా తెలివైనది.

5 ఫిబ్రవరి

కొబ్బరికాయ కొనాలా, కొనకూడదా?

10 ఫిబ్రవరి

బిరడా కాగితం: "కొన్నదా? వారం దాకా ఎట్ల ఆగేది?"

పగలబడి నవ్వాను. తెర అవతల ఎవరో, "కాంపౌండరు కూతురికి నోరుందే!" అన్నారు.

జిలాని బాషా సీసా ఇస్తూ, "ఏం పాపా, నువ్వు రాసే చీటీలో ఏముంటాదో గానీ, బుడ్డి గడప దాటినాక మా ఇంటాయమ్మ ముందు దాన్నే తడిపి ఒలుచుకుంటాది. ఖురాను బల్ల కింద పెట్టుకుంటాది. మందు కన్నా చీటీనే గుణమిస్తాందేమో," అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన మంచివాడు. ఆ మాట రాయడానికి నాకెందుకో కష్టంగా ఉంది, అయినా మంచివాడే.

సీసాలో తెల్ల మరక కూడా లేదు. ఎంత శుభ్రంగా కడుగుతారో.

ఈసారి కథ పెద్దది. కొబ్బరికాయవాడు వెల చెప్పకుండా ఆమె పేరు అడుగుతాడు. ఆమె చెప్పదు. అధికముగా త్రాగరాదన్న మూడో వరుస కూడా తీసేశాను. దినమునకు మూడుసార్లు అన్నాక, అధికముగా వద్దని మళ్ళీ చెప్పడం ఎందుకు? ఒకే మాట రెండుసార్లు రాయవద్దని సిస్టర్లే నేర్పారు.

12 ఫిబ్రవరి

విషపు అలమారు తాళం తీసి నాయన బెల్లడోనా టింక్చరు కొలుస్తుంటే చూశాను. కడుపు పట్టేసినట్టుండే నొప్పి వదలడానికి ఆ మిక్చరులో గీతకు పది చుక్కల లెక్కన పోస్తాడు. గ్లాసును కంటి ఎత్తున పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఒక్క చుక్క ఎక్కువైతే పారబోసి మళ్ళీ మొదలుపెడతాడు.

నేను చూపు తిప్పుకున్నాను.

17 ఫిబ్రవరి

జిలాని బాషా గాజుల సరుకుకు హైదరాబాదు పోతున్నాడు. వచ్చే గురువారం రాలేడు. రెండు వారాలకు రెండు సీసాలు.

రెండు సీసాలంటే రెండు చీటీలు.

నాయన లోపల పొడి తూస్తున్నప్పుడు ఆయన కిటికీ దగ్గరికి వంగి, "పాపా, మీ నాయనతో ఒక మాట చెప్పు. నొప్పి తగ్గలేదంటాది. బుడ్డి సోమారానికే అయిపాయ. నాలుక తోలు మాదిరి ఎండిపోతాందంట. ఇంకోటేందంటే, అక్షరాలు నీళ్ళలో ఏసిన సబ్జా గింజల మాదిరి ఉబ్బి కనపడతాండాయంట," అన్నాడు. నేను తల ఊపాను.

బిరడా కాగితం ఖాళీ. రెండువైపులా చూశాను. వెలుతురుకు పట్టి చూశాను.

పుట్టిలో ఉన్నామె చేత పేరు చెప్పించకపోవడం జులేఖాకు నచ్చలేదు. అందుకే రాయలేదు. అక్షరాలు కనపడవని మొగుడితో చెప్పడం కూడా నాకు వినిపించాలనే. స్కూల్లో కోపం వచ్చినప్పుడు కూడా ఇంతే, నాకు వినపడటం లేదు అనేది.

రెండు చీటీల్లోనూ మొదటి రెండు వరుసలు పోగా మిగిలిన చోటంతా కథకే ఇచ్చాను. పేరు చెప్పించాను.

18 ఫిబ్రవరి

నాయనతో ఇంకా చెప్పలేదు. నొప్పి తగ్గలేదంటే మిక్చరు మానిపించి పొడి పొట్లాలు ఇస్తాడు. పొట్లానికి చీటీ ఉండదు. మడతపెట్టిన కాగితం, పైన అంకె.

వచ్చేసారి చెబుతాను.

24 ఫిబ్రవరి, గురువారం

బద్వేలు సీసా లేని గురువారం. ముప్పై తొమ్మిది చీటీలు.

26 ఫిబ్రవరి, శనివారం

మధ్యాహ్నం ఆసుపత్రి మూసేవేళ జిలాని బాషా వచ్చాడు. గంప లేదు. టోపీ లేదు. తెలిసినవాళ్ళ లారీలో వచ్చాడట.

"కాంపౌండరప్పా, నిన్న హైదరాబాదు నుంచి దిగినా. నన్ను గుర్తుపట్టలేదు. మొగమంతా ఎర్రగా కాలిపోతాంది. నన్ను చూసి పోస్టుమాన్ అనుకొని, నా ఉత్తరం ఇయ్యి పుల్లయ్యా అని చెయ్యి చాపుతాది. రెండు బుడ్లూ ఖాళీ. అమ్మను అడిగితే, గీతలు కనపడటం లేదని అదే ఎత్తి తాగతాండె అంటాది."

నాయన కిటికీలోంచి ముందుకు వంగాడు. "కళ్ళలో నల్లగుడ్లు పెద్దవైనాయా?"

"కళ్ళంతా నలుపేప్పా."

"నోరు ఎండిపోతాంటాదా?"

"ఆ మాట పోయినసారే చెప్పి పోతినే. పాప చెప్పల్యా?"

నాయన నావైపు తిరిగాడు. నేను బల్ల చూస్తున్నాను. నన్నేమీ అడగలేదు, ముందు జిలాని బాషాకు చెప్పవలసింది చెప్పాడు. మందు చుక్క కూడా ముట్టనీయవద్దు. చీకటి గదిలో పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాలి. మనిషి ఒకరు వదలకుండా కూర్చోవాలి. బద్వేలు సర్కారు ఆసుపత్రి డాక్టరుకు కాగితం రాసిచ్చాడు. మన డాక్టరమ్మ కర్నూలులో ఉంది, సోమవారం గానీ రాదు. ఆమెకు తంతి పంపాడు. మేము రేపు పొద్దున బస్సుకు వస్తామన్నాడు.

ఆయన వెళ్ళాక అడిగాడు. "మణీ, ఎక్కువ తాగగూడదని రాసినావు గదా? కుదపాలని?"

రాశానన్నాను.

అదే రోజు, సాయంకాలం

నాయన కొలత గ్లాసు తీసి, నీళ్ళు పోసి, చుక్కలు లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ పారబోసి మళ్ళీ. ఇరవై ఆరేళ్ళుగా తప్పు పోయని చేయి. డాక్టరమ్మకు రాసిన ఉత్తరం బల్ల మీద ఉంది: "కొలతలో నా వలననే పొరపాటు జరిగియుండును. చూపు మందగించినది. నన్ను ఈ పని నుండి తప్పించవలెనని..."

నేను అన్నం వండాను. ఇద్దరం తినలేదు.

27 ఫిబ్రవరి, ఆదివారం, బస్సుకు ముందు

చెప్పేశాను. పొయ్యి దగ్గర నిలబడి, ఆయన వీపు చూస్తూ. నాలుగో వరుస, మూడో వరుస, పుట్టి, కొబ్బరికాయ, పొట్లాలకు చీటీ ఉండదని దాచిన మాట. అంత పొడుగ్గా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

నాయన తిరగలేదు. "సీసాలో నేను పోసేది సగం మందే, మణీ. మిగతా సగం నువ్వు రాసేది," అన్నాడు. ఆ తర్వాత ఆ ఉత్తరం చించి పొయ్యిలో వేశాడు. "డాక్టరమ్మకు నువ్వే చెప్తావు. నోటితో."

సరేనన్నాను. చెప్పులు వేసుకుంటూ, "నేను ఘోషా లోపలికి పోలేను. లోపలికి పోవాల్సింది నువ్వే," అన్నాడు.

28 ఫిబ్రవరి, సోమవారం

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

సిద్దవటం దగ్గర పెన్న ఇసుకలో బస్సు దిగబడింది. అందరం దిగి నడిచాం. నాయన వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. బద్వేలు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.

జిలాని బాషా వీధిలోనే ఎదురొచ్చాడు. సర్కారు డాక్టరు వచ్చి, తెర సందులోంచి చేయి పట్టుకు చూసి, ప్రాణానికి భయం లేదని చెప్పిపోయాడట. తెల్లవారుజామున పేరుపెట్టి పిలిచిందట. "పుల్లయ్యా అనలేదు పాపా, నన్నే పిలిచింది," అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాయన వసారాలో తెరకు ఇవతల కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళాను.

చీకటి గది. కిటికీలకు దుప్పట్లు. మంచం మీద జులేఖా, మూడేళ్ళకు. సగం మనిషి. నన్ను చూసిందో లేదో తెలియలేదు.

"కండ్లు ఎట్ల ఉండాయి?" తెర అవతల నుంచి నాయన.

"పెద్దవి."

"గట్టిగా చెప్పు, ఇనపళ్ళేదు."

"పెద్దవి! నల్లగుడ్డు అంచుదాకా ఉంది!"

ఇంట్లో ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు. జులేఖా మంచం మీంచి, "మణీ అరుస్తాందే," అంది. గొంతు పొడిగా ఉంది. నవ్వింది కూడా.

నాడి లెక్కపెట్టి చెప్పాను. తొంభై ఆరు. నాలుక చూసి చెప్పాను. ఒళ్ళు పట్టి చూసి చెప్పాను. అడిగినదానికల్లా అరిచి చెప్పాను. "దిగుతాంది," అన్నాడు నాయన. "ముందు దూరంవి కనపడతాయి. దగ్గరివి కనపడేదానికి ఇంకా నాలుగు దినాలు పట్టచ్చు."

అత్తగారు నన్నీ బీ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. చిన్న మనిషి, చేతినిండా గాజులు. ఆమెతో, "మందు ఎట్ల పోసేవాళ్ళమ్మా?" అని అడిగాను.

"ఎట్ల పోస్తాం తల్లీ, బాగనే పోస్తి. మొదట్లో కోడలు చీటీ చదివి, కుదపాలత్తా అంటే కుదిపి పోస్తాంటి. తర్వాత ఆ మాట చీటీలో ల్యా అనె. మంచిదే అనుకుంటి. ఆ తెల్లమడ్డి గొంతులో పట్టుకుంటాదని అది కక్కుకుంటాండె. అందుకని బుడ్డిని కదలకుండా గూట్లో పెట్టి, తేరినాక పైన తేట మాత్రం పోస్తి. అడుగుది పారబోసి, బుడ్డి తెల్లంగా కడిగి పంపిస్తి."

మూలన నీళ్ళ కుండలు ఉన్నాయి. ఒక కుండ మూతి దగ్గర ఇండుపగింజ అరగదీసిన మరక. ఎండాకాలం చెరువు నీళ్ళు ఈ దేశంలో అందరం అలాగే తాగుతాం. గింజ అరగదీసి, కదిలించకుండా ఉంచి, మట్టి అడుగున వదిలి, తేట వంచుకుంటాం. మా ఇంట్లోనూ అంతే. కోడలికి మడ్డి తాగించకూడదని ఆమె మూడు వారాలు నొప్పి తగ్గించే పొడినంతా పెరట్లో పారబోసింది. మిగిలింది టింక్చరు నీళ్ళు.

"ఆ మడ్డే మందమ్మా," అన్నాను.

ఆమె గాజుల చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "అల్లా! నేనే చంపుకుంటాంటినా బిడ్డను?"

"మీరు కాదు. రాయకుండా వదిలింది నేను."

నన్నీ బీకి అర్థం కాలేదు. జులేఖాకు అయింది. కళ్ళు మూసుకుని పడుకుంది. తర్వాత మెల్లగా, "నువ్వు ఊరికే ఏ మాటా వదలవు గదా మణీ. కుదపాలని లేకుంటే, మందు మారిందేమో అనుకుంటి. ఎక్కువ తాగరాదని లేకుంటే, ఈ మందు మెత్తనిదేమో, నొప్పికి ఇంకో గీత తాగచ్చనుకుంటి. నీ చీటీలో లేంది నాకు యాడ ఉంటాది?" అంది.

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"ఏడుస్తాండావా? కనపడటం లేదు."

"లేదు."

"అబద్ధం." చేయి చాపి నా తల వెతుక్కుంది. "నాలుగు వరుసలూ రాసుంటే ఆ కొబ్బరికాయవాడు ఉండేవాడు కాదు. నాకు ఏది కావాల్నో నన్నడుగు."

అడగలేదు. ఏమంటుందో తెలుసు. అందుకే.

తెర అవతల నుంచి నాయన పిలిచాడు. "మణీ, కండ్లు బాగయినాక డాక్టరమ్మ ఒప్పుకుంటే మందు మళ్ళీ మొదలుపెట్టాల. టింక్చరు లేకుండా. మిక్చరుగా ఇద్దామా, పొట్లాలుగా ఇద్దామా? లోపల ఇల్లు చూసినది నువ్వు. నువ్వే చెప్పు."

జులేఖా చేయి నా తల మీద ఆగింది. ఆ ప్రశ్న ఏమిటో ఆమెకూ తెలుసు. మిక్చరంటే సీసా, సీసా అంటే చీటీ. నాలుగు వరుసలూ రాసి, కింద ఒక్క వరుస, ఒకే ఒక్క వరుస మిగుల్చుకోవచ్చు. సన్నగా రాస్తే పడుతుంది. జనవరిలో పట్టింది. ఫిబ్రవరిలో ఏమయిందో కూడా నాకు తెలుసు.

"పొట్లాలు," అన్నాను.

"ఇనపళ్ళేదు."

"పొట్లాలు, నాయనా! ఒక పూటకు ఒకటి. లెక్కపెట్టి ఇద్దాం."

జులేఖా చేయి తీసేసింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది.

నన్నీ బీకి నేర్పాను. పొట్లం విప్పి, పొడి అంతా గ్లాసులో వేసి, నీళ్ళు పోసి, చెంచాతో తిప్పి, తేరకముందే తాగించాలి. అన్నం తిన్న గంటకు. రోజుకు మూడు. ఒక పూట మరిచిపోతే మరిచిపోయినట్టే, రెండు కలిపి వేయకూడదు. నొప్పి తగ్గకపోతే ఇంకో పొట్లం విప్పకూడదు, మనిషిని కడపకు పంపాలి. నల్లగా విరోచనమైతే, కక్కినదానిలో నెత్తురు కనిపిస్తే వారం ఆగకూడదు, అదే దినం బయలుదేరాలి. ఆమె ఒక్కొక్క మాటా తిరిగి చెప్పింది, మూడుసార్లు. మూడోసారి ఎక్కడా తడబడలేదు. "కాగితం లేకుండా చెప్పినా చూడు. సదువుకున్నోళ్ళు మీకే మతిమరుపు," అంది. ఆ మాటకు తెర అవతల జిలాని బాషా నవ్వాడు. "కారం సంగతి కూడా చెప్పు పాపా, నువ్వు ఈడ ఉండంగనే!" అన్నాడు. చెప్పాను. నన్నీ బీ నన్ను పైకీ కిందికీ చూసి, "దానికి వేరే పొయ్యి పెడతాలే. వాడికి మాత్రం తగ్గియ్య," అంది.

తిరుగు బస్సు మూడు గంటలకు. నాయన లేచిన చప్పుడయింది.

జులేఖా ముఖం మీదికి వంగాను. ఆమె నా బుగ్గలు, ముక్కు, నుదురు వేళ్ళతో తడిమింది. కళ్ళు అంత పెద్దవిగా తెరుచుకుని నావైపే ఉన్నాయి. నల్లటి నూతుల్లా. వాటిలో నేను కనిపిస్తున్నాను.

"ఏదో తెల్లగా ఉండాది, అంతే," అంది. "మూడేండ్లకు వస్తివి, మొగం కనపడదు."

ఇంకా దగ్గరికి వంగాను.

"ఆ గోడ దగ్గరికి పో."

లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఇంకా."

తలుపు దాకా వెనక్కి నడిచాను. నన్నీ బీ దుప్పటి కొంచెం పక్కకు లాగింది. వెలుతురు నా మీద పడింది.

"ఇంకొంచెం."

గడప దాటాను. నడవ చివర, వీధి తెర నా వీపుకు తగిలేదాకా వెళ్ళాను.

"ఆ," అంది జులేఖా. "ఇప్పుడు కనపడినావు. సన్నబడినావే."

తెర వెనక నుంచి నాయన, బస్సు పోతుందన్నాడు.

"కదలాకు," అంది.

కదలలేదు.